సభలో అవమానము – సభాసదుల ధర్మము



సభ యనగా జనులు గుమిగూడుట మాత్రమే కాదు. సంతలోను జనులు గుమిగూడుదురు, జాతరలోను గుమిగూడుదురు. వానిని మనము సభలనము. ఒకరు పలుకుచుండగా పదుగురు విని, విన్నదానిని మనస్సున తూచి, ఒక నిశ్చయమునకు వచ్చుచోటు సభ. కావున సభకు ప్రాణములు రెండు: పలుకువాని స్వేచ్ఛ యొకటి, వినువాని గౌరవ మొకటి. ఈ రెంటిలో దేనికి భంగము కలిగినను సభ సంతయై పోవును. మన భాషలోని 'సభ్యత' అను మాట సభనుండియే పుట్టినది. సభకు తగినవాడు సభ్యుడు. సభకు తగని పలుకు అసభ్యము. మన పూర్వులు మర్యాదను కొలుచుటకు ఇంటిని గాని, గుడిని గాని గాక, సభను కొలతగా గొనిరి. ఈ సంగతి ఆలోచింపదగినది.

వేదిక నెక్కిన యొకడు అవమానకరమైన మాట పలికినపుడు, లేక తెరమీద అట్టి బొమ్మను చూపినపుడు, ఆ సభవారు చేయవలసిన దేమి? ఇదియే నేటి ప్రసంగమునకు విషయము. కంప్యూటరు విద్య తెలిసిన పండితులు దేశదేశములలో జరుపుకొను సభలలో ఈ ప్రశ్న గడచిన పదునైదేండ్లుగా పెద్ద చర్చయై యున్నది. వారు దీనిని క్రొత్త ప్రశ్న యనుకొనుచున్నారు. కాని ఇది మన తెలుగుదేశమున, అందును మన తెలంగాణమున, నూరేండ్ల క్రిందట అడుగబడిన ప్రశ్న. అంతకు పూర్వము భారతములో అడుగబడిన ప్రశ్న.

ముందుగా భారతము మాట చెప్పెదను. ద్యూతసభలో ద్రౌపదీదేవి తన ప్రశ్నను సభవారి ముందుంచినది. భీష్ముడు ధర్మము సూక్ష్మమనెను. ద్రోణుడు మాటాడడయ్యెను. ధృతరాష్ట్రుని కొడుకులలో వికర్ణుడొక్కడు లేచి, ఈమెకు సమాధానము చెప్పుడని పెద్దల నడిగెను. కర్ణుడు వానిని బాలుడవని కసరి కూర్చుండబెట్టెను. అప్పుడు విదురుడొక పాతకథను చెప్పెను. ప్రహ్లాదుని కొడుకైన విరోచనునకును, అంగిరసుని కొడుకైన సుధన్వునకును ఒక కన్యను గూర్చి వాదము పుట్టినది. ఎవడు శ్రేష్ఠుడో చెప్పుమని వారిరువురును ప్రహ్లాదునే అడిగిరి. కొడుకుపై మమత ఒకవైపు, ధర్మ మొకవైపు లాగగా, ప్రహ్లాదుడు కశ్యపునికడ కేగి, ఎరిగియు చెప్పని వానికి గతి యేమని అడిగెను. కశ్యపుని తీర్పు ఇట్లున్నది: సభలో అధర్మము జరిగి, నిందింపదగినదానిని సభ నిందింపనిచో, ఆ పాపములో సగము సభకు పెద్దయైనవానికి చెందును. పాతిక పాలు చేసినవానికి చెందును. తక్కిన పాతిక పాలు నోరు మెదపక కూర్చున్న సభాసదులకు చెందును. సభ దానిని నిందించినచో పెద్దకు దోషము లేదు, సభాసదులకు దోషము లేదు, పాపమంతయు చేసినవానిదే.

ఈ పాళ్ల లెక్కను శ్రద్ధగా చూడుడు. తప్పు చేసినవానికి పాతిక, ఊరకున్న అధ్యక్షునకు సగము! మన పెద్దలు సభాధ్యక్షుని బాధ్యతను అపరాధి పాపమునకు రెండింతలుగా లెక్కించిరి. పలికినవాడు పలికెను, మే మేమి చేయుదుము అనువారికి ఈ కథయే సమాధానము.

ఇక చరిత్రకు వత్తము. 1921వ సంవత్సరము నవంబరు మాసమున హైదరాబాదులోని వివేకవర్ధినీ పాఠశాల నాటకశాలలో నిజాం రాష్ట్ర సంఘసంస్కార మహాసభ జరిగినది. అధ్యక్షుడు సామాన్యుడు కాడు. ధోండో కేశవ కర్వేగారు, స్త్రీవిద్యకై జీవితమును ధారవోసి, 1916లో పూనాలో స్త్రీల విశ్వవిద్యాలయమును స్థాపించిన మహర్షి. అట్టి సభలో ఇంగ్లీషున ప్రసంగములు జరిగినవి, ఉర్దూలో జరిగినవి, మరాఠీలో జరిగినవి. సభికులు వినిరి. పిమ్మట ఆలంపల్లి వేంకటరామారావుగారను న్యాయవాది లేచి తెలుగున మాటాడ నారంభించిరి. అంతట సభలో గేలి పుట్టినది. చప్పట్లు చరచిరి, అల్లరి చేసిరి, వక్తను మాటాడనీయరైరి.

ఇందలి విపరీతమును గమనింపుడు. ఆ రాష్ట్రమున తక్కిన ఏ భాషవారికంటెను తెలుగువారే ఎక్కువమంది. ఆ సభ అజ్ఞానుల సభ కాదు. లోకమును సంస్కరింపవలెనని కూడిన విద్యావంతుల సభ. స్త్రీల దైన్యమును, దీనుల దైన్యమును తలచి కన్నీరు పెట్టగలవారే, ప్రక్కనున్న తోడివాని మాతృభాషను విని నవ్విరి. కావున విద్య యున్నచోట అవమానము పుట్టదని గాని, ఉద్దేశము మంచిదైనచో నడవడియు మంచిదే యగునని గాని నమ్మరాదు. సభ యెంత గొప్పదైనను మర్యాద దానంతట నది రాదు. దానిని కావలి కాయవలెను.

అవమానపడినవా రేమి చేసిరి? రాళ్లు రువ్వలేదు. మరాఠీ సభలకు పోయి మారుగేలి చేయలేదు. ఆ రాత్రియే కొందరు తెలుగు యువకులు టేకుమాల రంగారావుగారి యింట సమావేశమైరి. మాడపాటి హనుమంతరావుగారు, బూర్గుల రామకృష్ణారావుగారు, మందుముల నరసింగరావుగారు, ఆదిరాజు వీరభద్రరావుగారు మున్నగువారు అందున్నారు. ఉన్నవారు పట్టుమని పన్నెండుగురైనను లేరేమో! వారే ఆంధ్రజనసంఘమను సంస్థను పుట్టించిరి. 1922లో దానికి నియమములు ఏర్పడినవి. 1923లో ఊరూర నెలకొన్న సంఘములన్నిటికి కేంద్రముగా నిజాం రాష్ట్రాంధ్ర జనకేంద్రసంఘము వెలసినది. గ్రంథాలయములు పెట్టుట, తాళపత్రములు సేకరించుట, శాసనములు పరిశోధించుట, వర్తకులకును రైతులకును తెలియదగిన చిన్న పుస్తకములు ప్రకటించుట – ఇవి వారి పనులు. ఆ సభలో చరచిన చప్పట్లకు వారిచ్చిన జవాబు ఇది. ఆ మొలక పెరిగి 1930 నాటికి ఆంధ్రమహాసభ యను మహావృక్షమైనది. 1937లో ఆరవ ఆంధ్రమహాసభ నాడు మన గాంధారికి జిల్లాకేంద్రమైన నిజామాబాదులో జరిగినపుడు అధ్యక్షపీఠమున కూర్చున్నవారు, పదునారేండ్ల క్రిందట టేకుమాలవారి యింట కూర్చున్న ఆ మందుముల నరసింగరావుగారే. అవమానము పగగా మారక పనిగా మారినపుడు ఎంత దూరము పోగలదో దీనివలన తెలియుచున్నది.

అయితే ఇంకొక మాటయు చెప్పవలెను. అవమానింపబడినవారు గొప్పపని చేసిరి కదా అని, అవమానించిన సభకు దోషము పోదు. దెబ్బతిన్నవాడు పహిల్వానైనంత మాత్రమున కొట్టినవాడు గురువు కాడు. ఆ దినమున సభాసదులలో నలుగురు లేచి, మాకు తెలుగు తెలియకున్నను ఈయనను మాటాడనిండని గట్టిగా చెప్పియుండిన, సభ గౌరవము నిలిచియుండెడిది. సభలో న్యాయము దొరకనివారికి వేరు సభ పెట్టుకొనుట తప్ప గత్యంతరము లేకపోయెను.

వేరొక చరిత్ర చెప్పెదను. 1917లో బెజవాడలో ఒక మహాసభ కూడినది. అంటరానివారని సంఘము వెలివేసిన కులములవారి సభ అది. దానికి పెట్టిన పేరు 'ఆంధ్ర పంచమ మహాజనసభ'. అధ్యక్షులుగా హైదరాబాదునుండి భాగ్యరెడ్డివర్మగారు వచ్చిరి. 1888లో జన్మించిన ఈయన 1906లోనే జగన్మిత్రమండలిని స్థాపించి, తన జనులకు చదువు చెప్పించుటకును, జోగినీ దురాచారమును మాన్పుటకును పాటుపడినవారు. అధ్యక్షపీఠమునుండి ఆయన మొదట ఆక్షేపించినది ఆ సభ పేరునే! వర్ణములు నాలుగే యని శాస్త్రము చెప్పుచుండగా ఈ 'పంచమ' శబ్ద మెక్కడిది? మేము ఈ నేలకు ఆదివాసులము, మొదటి బిడ్డలము, మమ్ము అయిదవవారని వేరుగా నిలుపుట అవమానము అని ఆయన వాదము. సభవారు ఆ వాదమును మన్నించిరి. పంచమసభ ఆది ఆంధ్రసభ యైనది.

సోదరులారా, ఇచ్చట అవమాన మొక వక్త నోటినుండి రాలేదు. పిలుపు పత్రముమీద, పందిరి గుమ్మముమీద అచ్చువేసి యున్నది. పిలిచినవారు కీడు తలచి ఆ పేరు పెట్టలేదు. వాడుకలో నున్నది గనుక పెట్టిరి. కాని వాడుకలో నున్నంత మాత్రమున ముల్లు ముల్లు కాకపోదు. ముల్లు గుచ్చుకొన్నదా లేదా అన్నది గుచ్చుకొన్నవాడే చెప్పవలెను. ఆ సభ గొప్పతన మెక్కడనగా, చెప్పినదానిని విని, వెంటనే పేరు మార్చుకొన్నది. మేము మంచి మనస్సుతో పెట్టితిమి, మీరేల నొచ్చుకొందురని వాదమునకు దిగలేదు.

ఇక జోగిపేట సంగతి. మన గాంధారికి దక్షిణమున నున్న జోగిపేటలో 1930 మార్చి మాసమున మొదటి ఆంధ్రమహాసభ జరిగినది. సురవరము ప్రతాపరెడ్డిగారు అధ్యక్షులు. అక్కడనే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభయు జరిగినది. అంటరానితనమును గూర్చిన చర్చలో భాగ్యరెడ్డివర్మగారు పాల్గొనుట సనాతనులైన కొందరికి రుచింపలేదు. ఆక్షేపణలు వచ్చినవి, కలవరము పుట్టినది. తమ ఆచారమునకు ఇది అవమానమని వారు తలచిరి. అయినను అంటరానితనమును నిరసించు మార్గమునుండి ఆ మహాసభ వైదొలగలేదు.

ఈ మూడు సభలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఒక చిక్కు కనబడును. 1921లో నొచ్చుకొన్నవారు తెలుగువారు. 1917లో నొచ్చుకొన్నవారు వెలివేయబడిన కులములవారు. 1930లో నొచ్చుకొన్నవారు సనాతనులు. మాకు నొప్పి కలిగినదని ముగ్గురును అన్నారు. మరి సభ ఎవరి మాట వినవలెను? ఎవరు బిగ్గరగా అరచిన వారి మాటయా? ఎవరు ఎక్కువమంది యున్న వారి మాటయా?

నాకు తోచిన కొలత యొకటి మనవి చేసెదను. ఎవనికి కోపము వచ్చినదని అడుగరాదు. ఎవడు సభలో కూర్చుండలేకపోయెనని అడుగవలెను. వివేకవర్ధినిలో తెలుగు పలికిన కారణమున ఒకరు వేదికనుండి తొలగవలసివచ్చెను. కావున ఆ గేలి నిజముగా అవమానమే. బెజవాడలో, తన జనుల సభలోనే తన జనులను వెలివేయు పేరు మోయవలసివచ్చెను. కావున అదియు అవమానమే. జోగిపేటలో సనాతనులను పొమ్మన్నవారు లేరు. వారి పుట్టుకను ఎవరును ఎగతాళి చేయలేదు. తోడి మనుష్యుడొకడు తమతో సమముగా మాటాడెను, అంతియే. అది వారికి కష్టము కలిగించినది గాని, వారి గౌరవమునకు భంగము కలిగించినది కాదు. ఒకని అభిప్రాయమును ఖండించుట వేరు. ఒకని పుట్టుకను, భాషను, స్త్రీత్వమును, శరీరమును నవ్వులపాలు చేయుట వేరు. మొదటిది సభకు ఆహారము, రెండవది సభకు విషము.

ఈ భేదమును పాటింపక, ఎవరికిని నొప్పి కలుగరాదను మిషతో నోళ్లన్నియు మూయించు ప్రమాదము మరియొకటి కలదు. నిజాం కాలమున గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు అమలులో నుండెను. బహిరంగసభ ఏది పెట్టవలెనన్నను ముందుగా సర్కారు అనుమతి పొందవలెను. శాంతి చెడకుండుటకని దానికి కారణము చెప్పెడివారు. ఫలమేమనగా, గ్రంథాలయ సభకును అనుమతి, సంఘసంస్కార సభకును అనుమతి! ఆంధ్రోద్యమనాయకుల శ్రమలో ఎంతయో భాగము ఈ అనుమతులకై తిరుగుటకే సరిపోయెను. అవమానమును ఆపుటకు పెట్టిన కత్తెర నిజమును కత్తిరించుట కెంత సులభముగా పనికివచ్చునో దీనివలన తెలియును. కావున సభామర్యాదకు నియమములు కావలసినదే కాని, ఆ నియమములు సభవారు తమకు తాముగా పెట్టుకొన్నవై, అందరికి తెలిసినవై, చిన్నవై యుండవలెను.

1934లో జరిగిన మరియొక సంగతి. నిజాం రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని, అనగా సున్న యని, ఒక పండితుడు వ్రాసెను. ఇది సభలోని మాట కాదు, పత్రములోని మాట; కాని లోకమను పెద్దసభ ముందు పలికిన మాటయే. గోలకొండ పత్రికను 1926నుండి నడుపుచున్న సురవరము ప్రతాపరెడ్డిగారు ఆ పండితుని తిట్టుటకు పూనుకొనలేదు. పల్లెపల్లెనుండి కవుల పేరులు, పద్యములు, వివరములు తెప్పించి 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' ప్రకటించిరి. సున్న యన్నవానికి మూడువందల ఏబదినాలుగు అని జవాబు! కవులు లేరనుట అబద్ధము గనుక దానికి నిజమే మందు. ఇందొక వివేకము కలదు. అబద్ధమునకు ప్రమాణముతో జవాబు చెప్పవచ్చును. గేలికి ప్రమాణముతో జవాబు లేదు, దానిని ఆపవలెను. ఏ మాట అబద్ధమో ఏ మాట గేలియో ఎరుగుట పెద్దల పని.

ఇక నేటి లోకమును చూతము. 2009లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున, రూబీ యను కంప్యూటరు భాషతో పనిచేయువారొక సభ జరుపుకొనిరి. అందొక వక్త తన శాస్త్రవిషయమును బోధించుటకు తెరమీద స్త్రీల అసభ్యచిత్రములను చూపెను. సభలో స్త్రీలు బహు కొద్దిమంది. కొందరు నవ్విరి, కొందరు తలలు వంచుకొనిరి. పిమ్మట పెద్ద వివాదము చెలరేగినది. వేడుకకు చూపిన బొమ్మకు ఇంత రచ్చ యేల అని కొందరు; మేము విద్య నేర్చుకొనుటకు వచ్చితిమి గాని మా శరీరములను చూచి పదుగురు నవ్వుచుండగా వినుటకు రాలేదని కొందరు. మన వివేకవర్ధిని సంగతియే కదా ఇది! అచ్చట భాష, ఇచ్చట స్త్రీత్వము. ఫలమొక్కటే: ఈ సభ మాది కాదను తలంపు వినువారిలో పుట్టుట.

ఇట్టివి పలుమార్లు జరుగగా, ఆ విద్యావంతులు సభలకు ముందే వ్రాతమూలకముగా నియమములు పెట్టుకొనుట అలవాటు చేసికొనిరి. అట్టి నియమపత్రములు 2010, 2011 సంవత్సరములనుండి వ్యాపించినవి. 2011లో ఆడా ఇనీషియేటివ్ అను సంస్థ ఇందుకై వెలసి 2015వరకు పనిచేసినది. పందొమ్మిదవ శతాబ్దిలో గణనయంత్రమునకు పద్ధతి వ్రాసిన ఆడా లవ్‌లేస్ అను విదుషి పేరును దానికి పెట్టిరి. ఆ నియమముల సారము ఇది: పుట్టుక, రంగు, స్త్రీపురుష భేదము, మతము, అంగవైకల్యము – వీనిని బట్టి ఎవరినీ కించపరచరాదు, అసభ్యచిత్రములను తెరమీద చూపరాదు, ఎవరికైన బాధ కలిగినచో ఎవరికి చెప్పుకొనవలెనో ముందే తెలుపవలెను, విన్న నిర్వాహకులు హెచ్చరించుటయో, ప్రసంగమును ఆపుటయో, సభనుండి పంపుటయో చేయవలెను. మన భారతదేశములో జరుగు అట్టి సభలలోను ఇప్పుడు ఈ పద్ధతి కలదు.

నియమ ముండగానే సరిపోదు, దానిని నడపు నేర్పు కావలెనని చెప్పుటకు ఇంకొక సంగతి. 2013లో అమెరికాలోని శాంతాక్లారా పట్టణమున పైథాన్ అను కంప్యూటరు భాషవారి సభ జరుగుచుండగా, శ్రోతలలో ఇద్దరు పురుషులు తమలో తాము మోటుహాస్య మాడుకొనిరి. ముందు కూర్చున్న స్త్రీ విని, నొచ్చుకొని, వారి ఛాయాచిత్రమును తీసి లోకమంతయు చూచునట్లు ప్రకటించినది. నిర్వాహకులు ఇరువురిని పిలిచి మాటాడిరి. కాని సంగతి అప్పటికే వారి చేయి దాటినది. ఆ పురుషులలో ఒకని ఉద్యోగము పోయినది. పిమ్మట ఆ స్త్రీకి బెదరింపులు వచ్చినవి. ఆమె ఉద్యోగమును పోయినది. సభలో రెండు మాటలతో సరిదిద్దవలసిన తప్పు వీధిలో పడి రెండు జీవితములను గాయపరచినది. కశ్యపుని తీర్పు ఇచ్చట మరల జ్ఞాపకమునకు వచ్చును. సభ పెద్ద వెంటనే న్యాయము చేయునను నమ్మక మున్నచోట ఎవరును వీధి కెక్కరు. ఆ నమ్మకము లేనిచోట వీధియే న్యాయస్థానమగును. వీధికి దండించుట తెలియును గాని తూచుట తెలియదు.

నగరముల మాట మనకేల అందురేమో. మన పల్లెలలోను నేడు తెరలు వచ్చినవి, బొమ్మలు వచ్చినవి. ఈ మండలములోని ఒక బడి యుత్సవమున నేను చూచిన దొకటి చెప్పెదను. పట్టణమునుండి వచ్చిన అతిథి యొకరు పిల్లలకు కంప్యూటరు మర్మములు బోధించుచు తెరమీద బొమ్మలు చూపుచుండిరి. చక్కగా చెప్పుచుండిరి. నడుమ, నవ్వించుటకై, తండా స్త్రీ యొకతె అద్దాల రైకతో సెల్‌ఫోను తలక్రిందులుగా పట్టుకొన్న బొమ్మ నొకటి చూపిరి. పిల్లలు ఘొల్లున నవ్విరి. కాని వెనుకవరుసలోని లంబాడీ బాలికలు నవ్వలేదు. వారి తల్లులు గోడ ప్రక్కన నిలుచుండి చూచుచుండిరి. ప్రధానోపాధ్యాయుడు పడుచువాడు, కేకలు వేయలేదు. లేచి, ప్రొజెక్టరు కడకు నడచి దానిని ఆపి, "అయ్యా, మీ పాఠము మాకు కావలెను. ఈ బొమ్మ మాకు వద్దు. మా పిల్లల తల్లులు ఇట్లే యుందురు; వారి కష్టముతోనే ఈ పిల్లలు చదువుచున్నారు. తరువాతి బొమ్మ చూపుడు" అనెను. అతిథి మంచివాడు, ముఖము వాడినను, తప్పైనదని ఒప్పుకొని పాఠమును ముగించెను. సభ చెడలేదు, పాఠము చెడలేదు, అతిథికిని అమర్యాద జరుగలేదు. కాని ఆ బాలికలలో ఒకతె చివర లేచి ప్రశ్న యడిగినది. ఆ ఉపాధ్యాయుడు మౌనముగా నుండిన ఆ ప్రశ్న పుట్టియుండెడిది కాదు.

ఆ యువకుడు చేసినదానిలో నాలుగు గుణములు నాకు కనబడినవి. ఆలస్యము చేయలేదు, అవమానము జరిగినచోటనే, విన్నవారందరి యెదుటనే దిద్దెను. కోపము చూపలేదు, మాటను తప్పుపట్టెను గాని మనుష్యుని కాదు. నొచ్చుకొన్నవారి పక్షమున తానే మాటాడెను. బిక్కచచ్చిన పిల్లలే లేచి మొరపెట్టుకొనవలెనని కాచుకొని యుండలేదు. సభను సాగనిచ్చెను, తప్పును తీసివేసి పాఠమును నిలుపుకొనెను.

మన శాసనసభలకును పార్లమెంటుకును ఇందుకొక పద్ధతి కలదు. లోకసభ నియమములలో 380వ నియమము ప్రకారము, పరువునష్టము కలిగించునట్టివి, అసభ్యములు, సభకు తగనివి యగు మాటలను నమోదునుండి తొలగింప స్పీకరునకు అధికారము కలదు. కాని కాగితమునుండి తీసిన మాట చెవినుండి పోదు. ఆ పద్ధతి చరిత్రకు మేలు చేయును గాని నొచ్చుకొన్నవానికి చాలదు. అతనికి కావలసినది, తాను కూర్చున్న సభ తన పక్షమున నున్నదని తెలియుట.

ఇదంతయు పల్లెపెద్దలైన మీకు విన్నవించుటకు కారణము కలదు. 1992లో చేసిన డెబ్బదిమూడవ రాజ్యాంగ సవరణతో గ్రామసభకు రాజ్యాంగమునందే స్థానము కలిగినది. మన తెలంగాణమున పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలకు కేటాయింపబడినవి. 2018నాటి పంచాయతీరాజ్ చట్టముతో అనేక తండాలు తామే పంచాయతీలైనవి. అనగా నిన్నటివరకు రచ్చబండకు దూరముగా నిలిచి వినినవారు నేడు సభలో ముందు కూర్చుండవలసినవారు, అధ్యక్షత వహింపవలసినవారు. చట్టము వారికి కుర్చీ నిచ్చినది. కాని ఆ కుర్చీలో కూర్చున్న స్త్రీ లేచి మాటాడగానే, నీకేమి తెలియును, నీ మగనిని పిలువుమని ఒకడు నవ్వినచో ఆ కుర్చీ యున్నను లేనట్లే. ఆ నవ్వును ఆపు అధికారము చట్టముకంటె మీ చేతిలో ఎక్కువగా నున్నది. ఊరిలో నలుగురు తలనెరసినవారు "ఆగు నాయనా, ఆమెను చెప్పనీ" అన్నచో ఆ నవ్వు నిలువదు. ఆ నలుగురును బీడీ వెలిగించుకొని ప్రక్కకు చూచినచో ఏ చట్టమును ఆమెను కాపాడలేదు.

కావున నా మనవి యిది. సభ పెట్టుటకు ముందే, ఇచ్చట ఎవరి పుట్టుకను, భాషను, ఆడుతనమును ఎగతాళి చేయరాదని పెద్ద చెప్పవలెను. బొమ్మలు చూపువారున్నచో ముందుగా ఒకమారు చూడవలెను. తప్పు జరిగినచో అప్పుడే, అచ్చటనే, మెత్తని మాటతో దిద్దవలెను. మరల చేసినచో గట్టిగా ఆపవలెను. అభిప్రాయ మెంత కటువైనను చెప్పనీయవలెను. మనుష్యుని మాత్రము చిన్నచేయనీయరాదు. నొచ్చుకొన్నవాడు వచ్చి చెప్పినపుడు, ఇంత చిన్నమాటకా అని త్రోసిపుచ్చక, మొదట వినవలెను.

1921లో ఒక సభ నవ్వినందువలన వేరొక సభ పుట్టినది; ఆ పుట్టినది గొప్పదైనది. కాని వెళ్లగొట్టబడిన ప్రతివాడును అంత గొప్ప సభను కట్టలేడు. పెక్కురు తలవంచుకొని యింటికి పోయి, మరల ఏ సభకును రారు. వారి పేరులు ఏ చరిత్రలోను వ్రాయబడవు. ఆ పోయినవారు చెప్పదలచిన మాట యేదో, అది ఊరికెంత అవసరమో మనకిక తెలియదు. సభకు కలుగు నష్టములలో ఇంతకు మించినది లేదు. మీ యూరి రచ్చబండవద్ద నుండి అట్లు ఎవరును లేచిపోకుందురు గాక.